మూడు వారాలు టైఫాయిడ్ అన్నారు, తీరా చూస్తే మెనింజైటిస్

“మన దేశంలో మెనింజైటిస్ ఎవరికి ఎక్కువ వస్తుంది, ఎందుకొస్తుంది?” అని అడిగారు. మెనింజైటిస్ అంటే మెదడు చుట్టూ ఉండే పొరలు వాయడం. నేను డాక్టర్ని కాను. మా మామ మంచం పక్కన నలభై రోజులు కూర్చున్నా, అందుకే రాస్తున్నా.

మాది కావలి దగ్గర పల్లె. మామ రొయ్యల గుంటల మీద పని చేస్తాడు. ఆరేళ్ల కిందట పొద్దుగూకేసరికి ఒళ్లు కాలడం, తలనొప్పి మొదలైనాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వైడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. మూడు వారాలు సెలైన్లు, సూదులు. మా వైపు ఏ జ్వరమొచ్చినా టైఫాయిడే! ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేరే జ్వరాలకీ కూడా వైడాల్ పాజిటివ్ చూపిస్తుంది. అయినా ప్రతి ల్యాబులో అదే. ఆ చీటీ చాటున ఎన్ని జబ్బులు ముదిరిపోతున్నాయో తలుచుకుంటే కడుపు మండిపోతుంది.

నాలుగో వారం మామ అత్తని వాళ్లమ్మ పేరుతో పిలిచాడు. అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని అట్లాగే గోడకేసి చూస్తా కూర్చున్నాడు. గాలి సోకిందని ఒకరు, కసుమూరు దర్గాకి తీసుకుపొమ్మని ఒకరు. నేను కారు మాట్లాడి నెల్లూరు తీసుకుపోయినా.

డాక్టరమ్మ తల కింద చేయి పెట్టి లేపితే మెడ వంగలేదు, భుజాలతో సహా లేచాడు. వెన్నులో నీరు తీయాలంది. “వద్దబ్బయా, నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయంట” అని అత్త ఒకటే ఏడుపు. ఆ రాత్రి సంతకం పెట్టలేదు. తెల్లారి డాక్టరమ్మ అత్త నడుం మీదే వేలు పెట్టి, వెన్నుపాము ఇంతకంటే పైనే ఆగిపోతుందనీ, సూది దాని కింద గుచ్చుతారనీ చూపించింది. అప్పుడు వేలిముద్ర వేసింది. చుక్కా చుక్కా సీసాలో పడిన ఆ నీరు లేత కొబ్బరినీళ్లలాగా కొంచెం మసగ్గా ఉంది. చక్కెర తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. టీబీ మెనింజైటిస్.

మెనింజైటిస్ అనగానే మనవాళ్లు పందుల్నీ దోమల్నీ తిడతారు. అది జపనీస్ మెదడువాపు, వేరే జబ్బు. ఇది మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చేది. పసిపిల్లల్లో ఎక్కువగా న్యుమోకాకస్, హిబ్ అనే బాక్టీరియాల వల్ల వస్తుంది. హిబ్‌తో కలిపి ఐదు జబ్బులకి వేసే పెంటావాలెంట్ టీకా 2011లో తమిళనాడు, కేరళల్లో మొదలై దేశమంతా వచ్చింది. న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, తర్వాత దేశమంతా వచ్చింది. బిడ్డకి ఆరో వారం సూది తప్పించొద్దు. మెనింగోకాకస్ అనే ఇంకో బాక్టీరియా 2005లో ఢిల్లీలో చెలరేగినట్టు అప్పుడప్పుడూ విరుచుకుపడుతుంది.

పెద్దవాళ్లలో మాత్రం నన్నడిగితే ముందు టీబీనే అనుమానించాలి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. పుట్టగానే వేసే బీసీజీ అనే టీబీ టీకా పసివాళ్లని ఈ రకం నుంచి బాగానే కాపాడుతుంది గానీ, పెద్దయ్యాక దాన్ని నమ్ముకోలేం. ఇది ఒక్కరోజులో పడేయదు, వారాల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. అందుకే టైఫాయిడ్ పేరుతో చెల్లిపోతుంది.

మామ ఏడాది పాటు మాత్రలు మింగాడు. మళ్లీ గుంటల మీదకి పోతున్నాడు గానీ కుడి కన్ను ఇంకా లోపలికే తిరిగి ఉంటుంది. ఆ రాత్రే సంతకం పెట్టుంటే కన్ను దక్కేదని అత్త ఇప్పటికీ కుమిలిపోతుంది. కాదత్తా, ఆ మూడు వారాల సెలైన్లే పోగొట్టినాయి అంటాను నేను.