పక్షి జంతువు కాదా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర ఊరు. రెండో తరగతికి చెప్తాను. ‘పక్షులకు, జంతువులకు తేడా ఏమిటి?’ అని అడిగితే ఒకడు ‘పక్షులకు రెక్కలుంటాయి’ అన్నాడు. వెనక బెంచీ పిల్ల వెంటనే ‘ఈగకు గూడ ఉన్నయ్ గద టీచర్’ అంది. ఇంకొకడు పలక మీద ‘కోడికి బొచ్చు ఉంటది’ అని రాశాడు. ఇదంతా విని మా సైన్స్ సార్ ‘అసలు ప్రశ్నే తప్పు, పక్షి కూడా జంతువే’ అన్నారు. ప్రశ్న నిజంగా తప్పా? పిల్లల జవాబుల్లో ఏది ఒప్పు?

సమాధానం: ప్రశ్న తప్పేం కాదమ్మా. మీ సార్ మాటా తప్పు కాదు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ‘జీవాలను తోలుకపోయిండు’ అంటే గొర్లను, మేకలను తోలుకుపోయాడనే అర్థం. బర్రెలు, ఎడ్లు అందులోకి రావు, అవి గొడ్లు. అంతమాత్రాన బర్రెకు జీవం లేదని ఎవరూ అనుకోరు. విశాలమైన మాట వాడుకలో ఇరుకైంది, అంతే. ‘జంతువు’కూ ఇదే జరిగింది.

జంతువు సంస్కృతపు మాట. జననం, జన్మ, జనని పుట్టిన ధాతువు నుంచే ఇదీ వచ్చింది. పుట్టినదేదైనా జంతువే. ‘జంతూనాం నరజన్మ దుర్లభం’ అన్నప్పుడు మనిషిని కూడా ఆ లెక్కలోనే వేశారు. జంతుశాస్త్రం ఆ పాత అర్థాన్నే పట్టుకుంది కాబట్టి అందులో చేప, చీమ, కాకి అన్నీ ఉంటాయి. మనం మాత్రం మాట్లాడేటప్పుడు జంతువంటే నాలుగు కాళ్లదే అనుకుంటాం. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర జంతువు జింక అని విడివిడిగా ప్రకటిస్తే ఎవరికీ వింతగా అనిపించలేదు. క్లాసులో సైన్స్ చెప్తున్నారు గనుక ఒక్క మాట కలపండి: ‘పక్షులకు, మిగతా జంతువులకు తేడా ఏమిటి?’ ఆ ‘మిగతా’తో మీ సార్‌కు కూడా పేచీ ఉండదు.

ఇక రెక్కల సంగతి. ‘పక్షి’ అనే మాటకే రెక్కలు కలది అని అర్థం. పక్షం అంటే రెక్క, పక్క, నెలలో సగం, రాజకీయాల్లో ఒక వర్గం. పేరు పెట్టినవాళ్లు రెక్కలే చూశారు, మీ పిల్లవాడూ అదే చూశాడు. కానీ వెనక బెంచీ పిల్ల అడ్డుపడింది చూడండి, ఆ పిల్లదే న్యాయం. ఈగకు, తూనీగకు రెక్కలున్నాయి. సీతాకోకచిలుకకు పేరులో చిలుక ఉన్నా అది పురుగే. గబ్బిలం రాత్రంతా ఎగురుతుంది గానీ పిల్లను కని పాలిస్తుంది. దాని రెక్క వేళ్ల మధ్య సాగిన తోలు. అటువైపు బట్టమేక పిట్ట ఉంది. పేరులో మేక ఉన్నా అది పక్షే. పాలమూరు నుంచి కృష్ణ దాటితే కర్నూలు వైపు రోళ్లపాడులో దానికోసం అభయారణ్యమే పెట్టారు. మీటరు ఎత్తుండే పక్షిని పిట్ట అనడం ఏమిటంటారా, అది వేరే ముచ్చట. పిట్టకథ, పిట్టగోడ అన్నచోట పిట్ట అంటే చిన్నదే. ఈ తెలుగు మాట శాస్త్రం దాకా పోయింది. పొన్నంకి పిట్ట అనే పక్షి చేరే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) శాస్త్రంలో ఉన్న ‘పిట్టా’ అనే పేరు మన పిట్ట నుంచే వచ్చింది.

రెక్క అనే మాట మీద ఇంకొంచెం ఆగాలి. తెలుగులో మనిషికీ రెక్కలున్నాయి. ‘రెక్కాడితేగానీ డొక్కాడదు’, ‘రెక్కల కష్టం’, ‘రెక్కవట్టి గుంజిండు’ అన్నచోట రెక్క అంటే చెయ్యే. ఇది ఉత్త అలంకారం కాదు. పక్షి రెక్కలో భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు, ఆ చివర వేళ్ల ఎముకలు. మన చేతిలోనూ అదే వరస. ఆదివారం కోడికూరలో రెక్క ముక్క చేతికొస్తే పిల్లలనే చూడమనండి, పక్కపక్కనే రెండు ఎముకలు కనిపిస్తాయి. ఈగ రెక్కలో ఎముక అన్నదే లేదు.

మరి పక్షిని పట్టిచ్చేది ఏది? గుడ్లంటారా, పాము, బల్లి, చేప, కప్ప కూడా పెడతాయి. ముక్కంటారా, తాబేలుకూ పళ్లు లేవు, ముక్కులాంటి దవడే. రెండు కాళ్లంటే మీరూ నేనూ లెక్కలోకి వస్తాం. ఎగరడమంటే నిప్పుకోడి, పెంగ్విన్ ఎగరవు, అయినా పక్షులే. ఈ రోజు భూమి మీద పక్షులకు తప్ప ఇంకే ప్రాణికీ లేనిది ఒక్కటే, ఈక. ఎగరని నిప్పుకోడికీ ఈకలున్నాయి, నీళ్లలో ఈదే పెంగ్విన్‌కూ ఉన్నాయి.

బడి ఆవరణలో కాకి ఈక ఒకటి దొరక్కపోదు. దాన్ని క్లాసుకు తీసుకుపొండి. తాటాకుకు ఈనె ఉన్నట్టు నడుమ గట్టి కాడ, రెండు పక్కలా సన్నటి పోగులు. ఒకచోట పోగులను విడదీస్తే చీలిపోయినట్టు కనిపిస్తుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి కింది నుంచి పైకి మెల్లగా దువ్వితే మళ్లీ అతుక్కుంటుంది. కంటికి కనపడనంత చిన్న కొక్కేలు ఒకదానికొకటి తగులుకుంటాయి. పిట్ట కొమ్మ మీద కూర్చుని ముక్కుతో ఒళ్లంతా సవరించుకునేటప్పుడు చేసుకునే పనుల్లో ఇదీ ఒకటి. ఈకను చేసిన పదార్థం మన గోళ్లలో, ఎద్దు కొమ్ములో ఉండేదే, కెరటిన్ అంటారు. పిల్లల చేతుల్లోకి పోయాక ఈక తిరిగొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చేతులు కడిగించడం మరవకండి.

చివరగా ‘బొచ్చు’. కోడిని కోసిన రోజు ఇంట్లో వాడు విన్న మాట అదే. వేడినీళ్లలో ముంచి ‘బొచ్చు పీకుడు’ చూసిన పిల్లవాడు ఇంకేం రాస్తాడు? బొచ్చు మేకకు, కుక్కకు సరిపోయే మాట. పక్షికి రెక్క మీద, తోక మీద ఉండే పెద్దవి ఈకలు, ఒంటిని అంటిపెట్టుకుని మెత్తగా ఉండేది బూరు. నలుగురిలో బొచ్చు అంటే కాస్త మొరటుగా వినిపిస్తుంది గానీ అది బూతు కాదు, వాడిని కోప్పడకండి. నిజానికి అడిగిన తేడాను పట్టుకున్నది వాడొక్కడే. పలక మీది బొచ్చు తుడిచి ‘ఈకలు’ అని వాడి చేతనే రాయించి, మార్కు పూర్తిగా వేయండి. రెక్కలన్నవాడికి సగం చాలు. వెనక బెంచీ పిల్లకు ఎన్ని వేస్తారో మీ ఇష్టం.