కేరళ లాటరీలో లక్ష తగిలితే చేతికి 63 వేలేనా?

అక్కా, పాలక్కాడ్‌లో పని చేస్తున్న మీ తమ్ముడికి కేరళ లాటరీలో లక్ష తగిలితే చేతికి 63 వేలే వచ్చాయి, ఎవరైనా మోసం చేశారా అని అడిగారు కదా, ఎవరూ మోసం చెయ్యలేదు, కంగారు పడకండి. లక్షలో ముందు 10 శాతం ఏజెంట్ కమీషన్ పోతుంది, మిగిలిన 90 వేల మీద 30 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే కట్ చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) అంటే 27 వేలు, అది పోగా సరిగ్గా 63 వేలే వస్తుంది, లెక్క కరెక్టే.

జీతం తక్కువ కదా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తే ఆ 27 వేలు వెనక్కొస్తాయా అని అడిగారు, అంతా వెనక్కి రాదక్కా. లాటరీ డబ్బుకి ఆదాయాన్ని బట్టి మారే పన్ను శ్లాబులు, 80సీ కింద పొదుపులకిచ్చే మినహాయింపు వర్తించవు, ఎంత చిన్న ఆదాయం ఉన్నా 30 శాతం ఫ్లాటే, నాకైతే ఇది పేదవాళ్ల మీద చాలా అన్యాయం అనిపిస్తుంది. పైగా ఆ 27 వేల మీద 4 శాతం సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను), 1,080 రూపాయలు, టీడీఎస్‌లో కట్ అవ్వదు, రిటర్న్ వేసేటప్పుడు తనే కట్టాలి. రిటర్న్‌కి ఐటీఆర్-1 ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి, ముందు 26ఏఎస్‌లో (తన పేరు మీద కట్ అయిన పన్ను చూపించే స్టేట్‌మెంట్‌లో) ఆ టీడీఎస్ పడిందో లేదో చూసుకోమనండి.

ఇక 63 వేలు ఎఫ్‌డీలో వెయ్యాలా అంటే, అమ్మగారి గాజులు తాకట్టులో ఉన్నాయన్నారు కదా, ముందు అవి విడిపించండి, ఎఫ్‌డీ వడ్డీ కన్నా గోల్డ్ లోన్ వడ్డీ ఎక్కువ.