పదును ముందు, కొత్త ఉలి తరువాత
కొత్త లేత్‌పై (కర్రను గుండ్రంగా తిప్పే యంత్రంపై) అంకుడు కర్రను తిప్పుతుంటే పొట్టు రాకుండా పొడి రాలుతోందని, ఇంకా ఖరీదైన ఉలులు కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు మెత్తని కర్ర కనుక, పదునున్న ఉలికి అది రిబ్బనులా పొట్టు ఇవ్వాలి. పొడి రాలుతోందంటే మీ ఉలి కోయడం లేదు, గీకుతోంది.

ఆ డబ్బుతో నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరిగే 8 అంగుళాల, ఉలులకు పదును పెట్టే గ్రైండర్‌ను, దానికి 80 గ్రిట్ (గరుకుతనం కొలత) తెల్ల రాయిని తీసుకోండి. ఉలి వాలుకు, అంటే అంచు వైపు ఏటవాలుగా ఉండే ముఖానికి, మార్కర్ సిరా పూసి, గ్రైండర్‌ను ఆపి ఉంచి, వాలును రాయికి ఆనించి, రాయిని చేత్తో తిప్పి చూడండి: సిరా అంచు దగ్గరే చెరిగితే ఉలి పిడిని కొంచెం దించాలి, అంచుకు దూరంగా వాలు అడుగున చెరిగితే కొంచెం ఎత్తాలి, వాలంతా సమంగా చెరిగినప్పుడు మాత్రమే స్విచ్ వేయాలి. గట్టిగా అదమకండి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.