సంరక్షకులను గౌరవించాలంటే ముందు వారిని కూర్చోబెట్టండి

మీ నాన్నగారు ఉంటున్న సీనియర్ హోమ్‌లో, అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుకునే ఫిబ్రవరిలో, ఆ చరిత్రనూ, అక్కడి సంరక్షకులనూ కలిపి గౌరవించే కార్యక్రమం తలపెట్టారని, కుటుంబాల తరఫున మిమ్మల్ని అందులో చేర్చారని, తెలుగువారిగా మనం ఏం చేస్తే సముచితంగా ఉంటుందని అడిగారు. అట్లాంటా సమీపంలోని ఒక హోమ్‌లో మా అమ్మ నాలుగేళ్ళు ఉన్నారు. అక్కడ ఇటువంటి కార్యక్రమానికి మూడుసార్లు సాయం చేశాను.

మొదటి ఏడాది మేము చేసింది సరైనది కాదు. భోజనశాలలో పౌరహక్కుల ఉద్యమకారులు మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్ పటాలు పెట్టాము, ఒక ఉపన్యాసం ఏర్పాటు చేశాము, కేకు కోశాము. ఆ గంటన్నరసేపూ మేము ఎవరిని గౌరవిస్తున్నామని చెప్పుకున్నామో ఆ స్త్రీలే చక్రాల కుర్చీలు తోస్తూ, కేకు పంచుతూ, బెల్లు మోగినప్పుడల్లా గదులకు పరుగెత్తుతూ నిలబడే ఉన్నారు. మా అమ్మను చూసుకునే ఆవిడ ఆ రోజు వరుసగా రెండో షిఫ్టు చేస్తున్నారని నాకు సాయంత్రం గాని తెలియలేదు.

పక్షవాతం వచ్చాక అమ్మకు ఇంగ్లీషు పోయి తెలుగొక్కటే మిగిలింది. ఆ సంరక్షకురాలు ‘మంచినీళ్ళు’, ‘నొప్పి’, ‘చాలు’ అనే మాటలను నన్నడిగి, తనకు అర్థమయ్యే అక్షరాలలో రాసుకుని మంచం పక్కన అంటించుకున్నారు. అంత శ్రద్ధ చూపిన మనిషిని మేము ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు నెలల తరబడి ‘ఆ నల్లావిడ’ అనే అన్నాము. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ మన ఇళ్ళలో ఈ అలవాటు అరుదేమీ కాదు కనుక, పటాలకంటే ముందు పేర్లు పెట్టి పిలవడంతో మొదలుపెట్టమని మీకు గట్టిగా చెబుతున్నాను.

రెండో ఏడాది, ఏం చేస్తే బాగుంటుందని డిసెంబరులోనే సంరక్షకులను అడిగాము. తమ పనికి ఉన్న చరిత్ర చెప్పమన్నారు. అప్పుడే నేను హారియట్ టబ్మన్ గురించి సరిగా చదివాను. 1849లో బానిసత్వం నుంచి తప్పించుకుని ఎందరినో విడిపించిన ఆమె అమెరికా అంతర్యుద్ధంలో నర్సుగా పనిచేశారు. ఆ సేవకు గుర్తింపుగా పింఛను నెలకు 20 డాలర్లకు పెరగడానికి 1899 దాకా ఆగవలసి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో నిరుపేద నల్లజాతి వృద్ధుల కోసం ఆమె తలపెట్టిన ఆశ్రమం 1908లో తెరుచుకుంది, 1913లో ఆమె కన్నుమూసింది కూడా అక్కడే. వృద్ధుల సంరక్షణ జరిగే చోట చెప్పవలసిన కథ ఇంతకంటే ఏముంటుంది?

కనీస వేతనం, ఓవర్‌టైమ్ కల్పించిన 1938 నాటి అమెరికా చట్టం ఇళ్ళలో పనిచేసేవారిని వదిలేసిందనీ, అక్కడి దక్షిణ రాష్ట్రాలలో ఆ పని ఎక్కువగా చేసినవారు నల్లజాతి స్త్రీలేననీ కూడా చెప్పండి. 1974లో ఇంటిపనివారిని చేర్చినా, వృద్ధులకు తోడుగా ఉండేవారిని మాత్రం ఆ చట్టం బయటే ఉంచారు. పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన మార్పులోనే 1965 వలస చట్టం వచ్చింది, ఆ చట్టం వల్లనే గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివిన మన డాక్టర్లు ఇక్కడికి ఎక్కువ సంఖ్యలో రాగలిగారు. మన కుటుంబాలకు ఈ మాట వినిపించడం అవసరమనుకుంటాను.

ఎవరినీ తమ జాతి మొత్తానికి ప్రతినిధిగా మాట్లాడమని బలవంతం చేయకండి. మా దగ్గర ఎనభై దాటిన ఒక విశ్రాంత నర్సు, నల్లజాతి రోగులకు వేరే వార్డులు ఉన్న రోజులలో తాను చేసిన శిక్షణ గురించి తనంతట తానే చెప్పారు. ఆమె పక్క గదిలోని పెద్దాయన మాత్రం ఆ రోజులు తలచుకోనన్నారు, మేము ఊరుకున్నాము. నివాసులెవరైనా సంరక్షకురాలిని రంగు పేరుతో అవమానిస్తే యాజమాన్యం ఏం చేస్తుందో కార్యక్రమానికి ముందే అడిగి తెలుసుకోండి.

మూడో ఏడాది కుటుంబాలవాళ్ళమే వడ్డించాము. సంరక్షకులు జీతం కోత లేకుండా కూర్చునేలా అదనపు మనుషులను పెట్టమని యాజమాన్యాన్ని ఒప్పించాము. మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు మారే వేళ పెట్టుకుంటే రెండు జట్లూ కలుస్తాయి. రాత్రి పదకొండుకు వచ్చేవారికి మిగిలిన కేకు కాక, విడిగా వేడి భోజనం ఉంచమని ముందే చెప్పండి.