పచ్చడి అమ్ముడవుతోంది, డబ్బు మిగలట్లేదు: ట్రైనింగ్‌కి వెళ్లాలా?

గోంగూర పచ్చడి కిలో 320కి అమ్ముతున్నా, డ్వాక్రా వాయిదా కట్టాక చేతిలో ఏమీ మిగలట్లేదు, ట్రైనింగ్‌కి వెళ్తే ఉపయోగమా అని అడిగారు కదా అక్కా. వెళ్లండి. కాకపోతే పచ్చడి పెట్టడం నేర్చుకోవడానికి కాదు, అది మీకు వచ్చు. లెక్క కట్టడం కోసం.

కిలోకి మీరు రాసిన 210 ఖర్చులో గోంగూర, నూనె, మిరపకాయలు, ఉప్పు తప్ప ఏమీ లేవు. సీసా, లేబుల్, గ్యాస్, ఆటో ఛార్జీ ఏవి? వాటికి 50 వేసుకోండి. ఇక మిగిలేది 60. ఆకు ఒలిచి, కడిగి, ఆరబెట్టి, వేయించినందుకు మీ కూలి అందులోంచే రావాలి. అదే పొలం పనికైతే ఊరికే వెళ్తారా? అరువు బాకీలు, చుట్టాలకు కట్టిచ్చినవి కూడా పుస్తకంలో ఎక్కాలి (ఆడపడుచుకి ఇచ్చిన సీసాతో సహా!).

జిల్లాలో బ్యాంకు ఆధ్వర్యంలో నడిచే ఆర్‌సెటీలో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) ఈ లెక్కలు నేర్పుతారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ దీనికి మూలం. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. ధర నిర్ణయించడం, మార్కెట్ సర్వే, బ్యాంకుకి ప్రాజెక్టు రిపోర్టు రాయడం ఉంటాయి. నా దృష్టిలో అసలు లాభం ఆ తర్వాతే: రెండేళ్లపాటు ఫాలో అప్ చేస్తారు, లోను దగ్గర చిక్కొస్తే అడగడానికి మనిషి ఉంటారు. బ్యాచ్ తేదీలు మీ వీఓఏని (గ్రామ సంఘం సహాయకురాలిని) అడగండి.

అప్పటిదాకా కొత్త అప్పు మాత్రం తీసుకోకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించండి.