పంటు ఆగితే దేవుడు ఆపినట్టేనా?

"అక్కా, వందనాలు. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఊళ్లోనే చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. మావారిది రొయ్యల మేత కొట్టు, సంఘంలో పెద్ద కూడా. మొన్న వరదల్లో నరసాపురంలో ఒక స్కూల్లో ఇంటర్వ్యూ ఉందని తయారై రేవుకి వెళితే గోదారి దాటించే పంటు ఆపేశారు. ఇంటికొచ్చి ఏడిస్తే మావారు 'నువ్వు ఉద్యోగానికి అంత దూరం వెళ్లడం దేవుడికి ఇష్టం లేదేమో' అన్నారు. అప్పటినుంచి ఏది ఆగినా నాకు అదే ఆలోచన. గ్యాస్ అయిపోయినా, మోటారు కాలిపోయినా, ఆయన రాత్రి పదింటికి వచ్చి రేపు మనింట్లో ప్రార్థన కూడిక అన్నా, ఇందులో దేవుని ఉద్దేశం ఏంటి, నా పాపం ఏమైనా ఉందా అని. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. పిల్లల మీద అరిచి తర్వాత ఏడుస్తున్నాను. కూడిక గురించి అడిగితే మావారు, పనుల తొందరలో ఉన్న మార్తని యేసు మందలించిన సంగతి చెప్పి నోరు మూయిస్తారు. నాకు విశ్వాసం తక్కువైందా అక్కా?"

చెల్లెమ్మా, నీకు విశ్వాసం తక్కువ కాలేదు, నిద్ర తక్కువైంది. ఇది వేళాకోళానికి అనడం లేదు. రెండు వారాలు దాటి రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నావంటే ముందు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు, బీపీ, రక్తం, థైరాయిడ్ చూపించుకో, మనసు డాక్టరు దగ్గరకి పంపితే అక్కడికీ వెళ్లు, అందులో సిగ్గేం లేదు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అని చెట్టు కింద పడుకుంటే దేవుడు మొదట ప్రసంగం చేయలేదు, నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్లు పంపాడు. తర్వాతే మాట్లాడాడు.

ఇక పంటు సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారని మనకి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఎగువ వానలకి గోదారి పెరిగింది, రేవులో వడి ఎక్కువైంది, మనుషులు మునిగిపోకూడదని పంటు ఆపారు. ఆ రోజు రేవులో నీతోపాటు పెళ్లికి వెళ్లేవాళ్లు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, చేపల బుట్టలవాళ్లు ఎంతమంది ఆగిపోయి ఉంటారు? వాళ్లందరినీ ఆపి నీ ఒక్కదానికి కబురు చెప్పాడనుకోవాలా? దేవుడు అలా చేయలేడని కాదు నేననేది. చేశాడని చెప్పే అధికారం నీకూ లేదు, నాకూ లేదు, మీ ఆయనకి అసలే లేదు.

మన సంఘాల్లో ఒక సాక్ష్యం ఎప్పుడూ వినపడుతుంది చూడు, బస్సు తప్పిపోయింది, ఆ బస్సే కాలవలో పడింది, ప్రభువు నన్ను తప్పించాడు అని. తప్పించుకున్న మనిషి కృతజ్ఞతతో చెప్పుకుంటే తప్పులేదు, నేనైనా చెబుతాను. కానీ దాన్ని సూత్రం చేసేశామా, ఆ బస్సులో ఉన్న మనిషి తల్లి అదే మందిరంలో వెనక వరసలో కూర్చుని వింటుంటే ఆవిడకి ఏం చెబుతాం? 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తర్వాత, కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడి ఉంటే, ఇది ఫలానా పాలెం వాళ్ల పాపం వల్లే అని ఒక పెద్దమనిషి నా ఎదురుగానే అన్నాడు. నేను అప్పుడు చిన్నదాన్ని, నోరెత్తలేదు, ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే కోపం. సిలోయము గోపురం కూలి 18 మంది పోతే, వాళ్లు అందరికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని యేసే చెప్పాడు కదా. అంతమంది చావుకే ఆ లెక్క కుదరదన్నాడాయన, నువ్వేమో గ్యాస్ బండకి లెక్క కడుతున్నావు.

"సమస్తమును సమకూడి" అనే రోమా 8:28 వచనం మీ గోడ మీద క్యాలెండర్లో ఉండే ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంది. అందులో సమకూడి అనే మాట చూడు. ఒక్కో ముక్కకి విడిగా అర్థం చెబుతానని దేవుడు ఎక్కడా అనలేదు. పులుసులో చింతపండు ఒక్కటే నోట్లో వేసుకుని ఇందులో రుచేదీ అంటే ఏం చెబుతాం.

యాయీరు కథ మళ్లీ చదువు, మార్కు 5లో. కూతురికి 12 ఏళ్లు, చావుబతుకుల్లో ఉంది, తండ్రి యేసుని బతిమాలి తీసుకెళుతున్నాడు. దారిలో 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడే ఆవిడ వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. యేసు ఆగిపోయాడు. నన్ను ముట్టుకున్నదెవరు అని చుట్టూ చూడటం, ఆవిడ భయపడుతూ వచ్చి సంగతంతా చెప్పుకోవడం, ఆయన నిలబడి వినడం. ఇక్కడ మనం ఎప్పుడూ ఆవిడ విశ్వాసం గురించే ప్రసంగాలు వింటాం, నేనైతే పక్కన నిలబడ్డ ఆ తండ్రినే చూస్తుంటాను. ఒక్కో నిమిషం అతనికి ఎలా గడిచి ఉంటుంది! ఆ ఆలస్యంలోనే ఇంటినుంచి మనుషులు వచ్చి పిల్ల పోయిందని చెప్పారు. అప్పుడు కూడా యేసు ఎందుకు ఆలస్యం చేశానో వివరించలేదు. "భయపడకుము, నమ్మిక మాత్రముంచుము" అని, అతనితో కలిసి మిగతా దారి నడిచాడు. అతనికి దొరికింది తోడు, కారణం కాదు. ఆ ఆలస్యం ఆవిడకి మాత్రం జీవితం. మనం ఎక్కువసార్లు యాయీరు స్థానంలో ఉంటాం కాబట్టి మనకి అటువైపు కనపడదు.

నా సంగతొకటి చెబుతాను. ఒకసారి పంటు గోదారి మధ్యలో ఇంజను మొరాయించి నిలబడిపోయింది, చాలాసేపు. అవతల నాకోసం మనుషులు ఎదురుచూస్తున్నారు, నాకు ఒళ్లు మండిపోతోంది. పక్కన ఒక చిన్నపిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, చంటిబిడ్డతో, కళ్లు వాచిపోయి ఉన్నాయి. బిడ్డని కాసేపు పట్టుకోండి అంది. పట్టుకున్నాను. అత్తింటినుంచి చెప్పకుండా వచ్చేసిందట, ఆ కాసేపట్లో అంతా చెప్పేసింది. నేను గొప్ప సలహా ఏమీ ఇవ్వలేదు, విన్నాను, రేవులో దిగాక ఆటో ఎక్కించాను. తర్వాత ఏమైందో తెలీదు. దేవుడు ఇంజను ఆపింది అందుకేనా? అదీ తెలీదు. ఆ బిడ్డ నా చీర మీద కక్కింది, అంతవరకు ఖాయం. కానీ అప్పటినుంచి ఏదైనా ఆగిపోతే "ఎందుకు ప్రభువా" కంటే ముందు "పక్కన ఎవరున్నారు" అని చూడటం కొంచెం అలవాటైంది. కొంచెమే, ఇంకా చాలాసార్లు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు రాసిన కష్టాలన్నీ ఒకే గంపలో వేశావు. వరద వేరు, మోటారు కాలిపోవడం వేరు, కూడిక సంగతి పూర్తిగా వేరు. గ్యాస్ బండ అయిపోవడం ఒకటి, అయిపోతుందని తెలిసీ బుక్ చేయని మొగుడు ఇంకొకటి. మొదటిదాన్ని ఓర్చుకోవాలి, రెండోదాన్ని అడగాలి. అడగాల్సినదాన్ని కూడా దేవుని చిత్తం అని ఓర్చుకుంటూ పోతే ఆ కోపం పిల్లల మీదకి వెళుతుంది, వెళుతోంది కూడా.

మార్తకి ఆ మాట చెప్పింది యేసు, రాత్రి పదింటికి ఇరవైమందిని పిలిచొచ్చిన మొగుడు కాదు. ఆ యేసే తిరిగి లేచాక గలిలయ తీరంలో నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధం చేసి, రండి తినండి అని శిష్యుల్ని పిలిచాడు, యోహాను 21లో. రాత్రంతా పనిచేసి అలసిపోయి వచ్చినవాళ్లకి వండిపెట్టాడన్నమాట. ఈసారి మార్త మాట వస్తే పోట్లాడకుండా ఆ అధ్యాయం ఆయన చేతికిచ్చి గట్టిగా చదవమను.

కూడిక రోజు మాత్రం ఈ మాట ఎత్తకు, జనం వెళ్లాక గిన్నెల ముందు నిలబడి అసలే వద్దు. ఆదివారం భోజనాలయ్యాక ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు. "ఏవండీ, మనింట్లో కూడిక నాకూ సంతోషమే, నెలకొకసారి పెట్టుకుందాం, మూడు రోజుల ముందు చెప్పండి, టిఫిన్లు వద్దు, టీ, బిస్కెట్లు చాలు, కుర్చీలు, టీ మీరూ అబ్బాయీ చూసుకోవాలి." లెక్కతో చెప్పు, నాకు సాయం చేయట్లేదు అని గుండుగుత్తగా అంటే మగవాళ్లకి ఎక్కదు. ఒప్పుకోకపోతే పాస్టరు గారి భార్యతో మాట్లాడు, ఆవిడకి ఈ కష్టం మనందరికంటే బాగా తెలుసు.

నేను చేయకపోతే ఇల్లు ఆగిపోతుందని నీకొక భయం ఉన్నట్టుంది. మన సెంటర్లలో విగ్రహం పెట్టుకున్న కాటన్ దొరే 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట పని మధ్యలో, 1848లో జబ్బుచేసి, కెప్టెన్ ఓర్‌కి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లిపోవాల్సి వచ్చింది. 1850లో తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆయన లేనప్పుడూ రాయి మీద రాయి పడింది. మీ ఆయన పెట్టిన టీలో పంచదార ఎక్కువైతే అవుతుంది, తాగనీ.

ఇక ఉద్యోగం. దేవుడు తలుపు మూసేశాడని ఎవరో అన్నారని ఆ స్కూలుకి ఫోన్ కూడా చేసినట్టు లేవు నువ్వు, ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా లేదు. అపొస్తలుడైన పౌలుని చూడు. ఆసియాలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచింది అని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. థెస్సలొనీకకి రావాలని ఒకటి రెండుసార్లు అనుకుంటే సాతాను అభ్యంతరపరచాడు అని ఆయనే రాశాడు. ఒకే మనిషి, రెండు ఆటంకాలు, రెంటికీ ఒకే పేరు పెట్టలేదు. తాను వెళ్లలేకపోయినప్పుడు తిమోతిని పంపాడు, ఉత్తరం రాశాడు. చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నువ్వు రేపు పొద్దున్నే ఫోన్ చేసి, అమ్మా, ఆ రోజు పంటు ఆపేశారు, ఇంకా ఖాళీ ఉందా, లేకపోతే వచ్చే ఏడాదికి నా పేరు రాసుకుంటారా అని అడుగు. నరసాపురం వాళ్లకి పంటు ఆగడం గురించి వివరించనక్కర్లేదు. ఉద్యోగం వస్తే వరద రోజుల్లో ఏం చేయాలో ముందే మాట్లాడుకో. చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్లడం రోజూ అయ్యే పని కాదు, ఖర్చూ దూరమూ ఎక్కువ, కాబట్టి ధవళేశ్వరంలో హెచ్చరిక ఇచ్చారని వినగానే రెండు రోజులు ఉండటానికి అవతల చుట్టాలెవరైనా ఉన్నారేమో చూసుకో. ప్రార్థన చేసుకునే వెళ్లు, రాత్రి మాత్రం మెలకువ వస్తే పాపాలు లెక్కపెట్టకు, ఒక కీర్తన చదువుకుని మళ్లీ పడుకో.

ఫోన్‌లో ఏమన్నారో రాయి. వచ్చే కూడికలో టీ ఎవరు పెట్టారో అది కూడా రాయి.