పాఠకుల ప్రశ్నలు: కొత్త ఏడాది మీద ఆశ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: ఉగాది పంచాంగ శ్రవణంలో వర్షాలు బాగుంటాయని చెప్పారు. అయినా సార్వా (వానాకాలపు వరి) మునుగుతుందని, దాళ్వాకు (ఆ తర్వాత వేసే రెండో పంటకు) నీరందదని మా ఊరంతా దిగులుపడుతోంది. ఆశ పెట్టుకోవచ్చాండీ?
– ఒక కౌలు రైతు, అమలాపురం దగ్గర

జవాబు: మీ దిగులు అకారణం కాదండీ. 2011లో కోనసీమ రైతులు సార్వాకు విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు మురుగు దిగని పొలాలు కూడా కారణమయ్యాయి. ఈనిన చేను రోజుల తరబడి నీళ్లలో నాని, పనలపైనే గింజ మొలకెత్తుతుంటే చూస్తూ నిలబడవలసిన రైతు బాధ మాటలకందదు. గుర్రపుడెక్క అల్లుకున్న మురుగు కాలువలను బాగుచేయించమని, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లోనే ఊరంతా కలిసి గట్టిగా అడగాలి. వానలు మొదలయ్యాక అడిగి లాభం లేదు. ఇక దాళ్వాకు, గోదావరిలో సహజ ప్రవాహం తగ్గాక సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరే పెద్ద ఆధారం కనుక, నాట్లు ఆలస్యం చేయకండి. కౌలుదారుగా మీరు సాగు హక్కు పత్రం, ఈ-క్రాప్ నమోదు (వేసిన పంట వివరాలను ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం) ముందే చూసుకోండి. అవి లేకపోతే నష్టపరిహారం మీ చేతికి రావడం కష్టం. పత్రానికి యజమాని సంతకం కావాలనడం అన్యాయమనే నా అభిప్రాయం. ఇన్ని చెప్పినా, ఈ ఏడు సాగు మానవద్దనే నేను మిమ్మల్ని కోరుతాను.